సమాచారానికి వరస కలిపే శాస్త్రం: స్ట్రక్చరల్ కంప్యూటింగ్, హైపర్‌మీడియా వ్యవస్థలు

పెళ్లి పందిట్లో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు కొత్తవాళ్లు ముందు ఊరు అడుగుతారు, తరవాత ఇంటిపేరు, ఆ తరవాత మగపెళ్లివారా ఆడపెళ్లివారా అన్నది. నాలుగు మాటలు దాటేసరికి వరస తేలిపోతుంది. 'అయితే మీరు నాకు బాబాయి అవుతారండీ' అంటాడు చిన్నవాడు. ఎదుటి మనిషి ఉద్యోగం, చదువు, ఆస్తి ఏవీ అతనికి ఇంకా తెలియవు. తెలిసింది సంబంధం ఒక్కటే. ఎలా పిలవాలో, ఎంత చనువు తీసుకోవచ్చో ఆ ఒక్కదానితోనే తేలిపోయింది.

కంప్యూటర్ శాస్త్రంలో వరసకు ఇలా పెద్దపీట వేసే శాఖ స్ట్రక్చరల్ కంప్యూటింగ్. తెలుగులో నిర్మాణ ప్రధాన గణనం అనవచ్చు. సమాచారంలోని విడి ముక్కల కంటే వాటి మధ్య సంబంధాలను మూల వస్తువుగా తీసుకుని, ఆ సంబంధాలను దాచడానికి, మార్చడానికి, ప్రశ్నలు అడగడానికి తగిన వ్యవస్థలు కట్టడం దీని పని. ఈ శాఖ హైపర్‌మీడియా పరిశోధన కడుపున పుట్టింది. అక్షరాలు, బొమ్మలు, ధ్వని, వీడియో లాంటివాటిని లింకులతో కలిపి, చదివేవారు తమకు కావలసిన దారిలో నడిచే వీలు కల్పించేది హైపర్‌మీడియా. అక్షరాల వరకే ఉంటే అది హైపర్‌టెక్స్ట్.

మామూలు కంప్యూటరుకు తెలిసిన వరస ఒక్కటే: ఫోల్డరు, అందులో ఫోల్డరు, అందులో ఫైలు. ఒక ఫైలు ఒక చోటే ఉంటుంది. లోకంలో విషయాలు అలా ఒదగవు. వంశవృక్షం అని పేరు పెట్టుకున్నా, మేనరికం పడిన చోట అది చెట్టులా ఉండదు. విడిపోయిన రెండు కొమ్మలు మళ్లీ కలుసుకుంటాయి. మేనమామ కూతుర్ని చేసుకున్నవాడికి ఒకే మనిషి మేనమామా అవుతాడు, మామగారూ అవుతాడు. అలాంటి కుటుంబాన్ని ఫోల్డర్లలో సర్దబోతే ఏదో ఒక సంబంధాన్ని వదులుకోక తప్పదు. హైపర్‌మీడియా పరిశోధకులు ఎనభై ఏళ్లుగా తలపడుతున్న చిక్కు ఇదే.

బాటలు వేసే బల్ల

కథ 1945 జులైలో మొదలవుతుంది. యుద్ధకాలంలో అమెరికా శాస్త్ర పరిశోధన కార్యాలయాన్ని నడిపిన వానెవార్ బుష్, 'ది అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో 'యాజ్ వి మే థింక్' అనే వ్యాసం రాశాడు. మనం ఆలోచించబోయే తీరు ఇది అని ఆ శీర్షిక భావం. పరిశోధన పత్రాలు కుప్పలుగా పడుతున్నాయి, వాటిని వెతికే పద్ధతులు మాత్రం అక్షరక్రమం, అంకెల క్రమం దగ్గరే ఆగిపోయాయి, మనిషి మనసేమో ఒకదాన్నుంచి మరొకదాన్ని తలుచుకుంటూ పోతుంది అన్నది ఆయన వాదన. దానికి పరిష్కారంగా మెమెక్స్ అనే యంత్రాన్ని ఊహించాడు. అది మైక్రోఫిల్మ్ నింపుకున్న రాతబల్ల. పైన తెరలు, పక్కన మీటలు.

బుష్ ఇచ్చిన ఉదాహరణలో ఒక పరిశోధకుడు క్రూసేడు యుద్ధాల్లో తురుష్కుల పొట్టి విల్లు ఇంగ్లిషువారి పొడవాటి విల్లు కంటే మెరుగని ఎందుకు అనిపించుకుందో వెతుకుతాడు. చరిత్ర పుస్తకం నుంచి మరో వ్యాసానికి, అక్కణ్ణుంచి పదార్థాల సాగుడు గుణం గురించిన పాఠానికి బాట వేసుకుంటూ పోతాడు. కొన్నేళ్ల తరవాత మిత్రుడితో మాట్లాడుతుండగా ఆ బాట గుర్తొస్తుంది. మొత్తం బాటను నకలు తీసి అతని చేతిలో పెడతాడు. మెమెక్స్‌ను ఎవరూ కట్టలేదు. కానీ పుస్తకాలతో పాటు వాటి మధ్య వేసిన బాట కూడా దాచుకోదగ్గ, ఇచ్చిపుచ్చుకోదగ్గ వస్తువే అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

1965లో టెడ్ నెల్సన్ ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం జాతీయ సమావేశంలో చదివిన పత్రంతో 'హైపర్‌టెక్స్ట్' అన్న మాట లోకానికి పరిచయమైంది. 'హైపర్‌మీడియా' కూడా ఆయన పుట్టించిన మాటే. 1960లోనే తలపెట్టిన తన జానడు ప్రాజెక్టులో ఆయన రెండు షరతులు పెట్టుకున్నాడు. లింకు రెండు వైపులా తెలియాలి. ఒక రచన నుంచి మరో రచనలోకి తీసుకున్న వాక్యం తన మూలంతో తెగిపోకుండా ఉండాలి. ఈ రెండోదానికి ఆయన పెట్టిన పేరు ట్రాన్స్‌క్లూజన్.

1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ గంటన్నర పాటు ఇచ్చిన ప్రదర్శనను మౌస్‌ను లోకానికి చూపించిన రోజుగా గుర్తుంచుకుంటారు. హైపర్‌మీడియా చరిత్రకారులకు అందులో మరో ఘట్టం ముఖ్యం. ఎంగెల్‌బార్ట్ తెర మీద బజారు చీటీ రాస్తాడు. వస్తువులను ఒకదాని కింద ఒకటి టైపు చేసి, తరవాత వాటిని రకాల వారీగా కిందా మీదా సర్దుతాడు. ఒక రకాన్ని మడిచేస్తాడు, మళ్లీ విప్పుతాడు. ఆ తరవాత పటం గీసి, పనుల మీద ఆగాల్సిన చోట్లను దారి వెంట పెట్టి, ఒక్కో చోటు మీద నొక్కితే దానికి సంబంధించిన వివరాలు తెరుచుకునేలా చూపిస్తాడు. సరుకులు అవే. చూసే వరస మారినప్పుడల్లా ఆ చీటీ వేరే పనికి పనికొచ్చింది.

కార్డులు, వెబ్‌లు, ఏడు ప్రశ్నలు

బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రీస్ వాన్ డామ్, నెల్సన్ కలిసి 1967లో హైపర్‌టెక్స్ట్ ఎడిటింగ్ సిస్టమ్ కట్టారు. అదే విశ్వవిద్యాలయంలో 1980లలో వచ్చిన ఇంటర్‌మీడియా లింకులను పత్రాల్లో కాక 'వెబ్' అనే విడి కట్టల్లో దాచింది. ఒకే పాఠం మీద ఇద్దరు అధ్యాపకులు రెండు వేర్వేరు లింకుల కట్టలు పరచుకోవచ్చు, పాఠం చెక్కుచెదరదు. 1987లో యాపిల్ నుంచి వచ్చిన బిల్ అట్కిన్సన్ హైపర్‌కార్డ్, ఈ ఊహను ప్రయోగశాల దాటించి మామూలు ఇళ్లకూ బడులకూ చేర్చింది.

అదే కాలంలో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రమైన పార్క్‌లో ఫ్రాంక్ హలాజ్, రాండాల్ ట్రిగ్, థామస్ మొరాన్ నోట్‌కార్డ్స్ అనే వ్యవస్థను నడిపారు. కార్డుల మీద నోట్సు, వాటి మధ్య రకం పేరుతో సహా లింకులు. 1987లో చాపెల్ హిల్‌లో జరిగిన మొదటి హైపర్‌టెక్స్ట్ సమావేశంలో హలాజ్ తన వ్యవస్థ ఎక్కడెక్కడ చాలలేదో తానే విప్పి చెప్పి, తరవాతి తరం తేల్చాల్సిన ఏడు అంశాలను జాబితాగా ముందుంచాడు. వెతికి ప్రశ్నించడం, కొన్ని నోడ్లను (లింకులు కలిపే ముక్కలను) ఒక్కటిగా పట్టుకోగల సమ్మేళనాలు, అవసరాన్ని బట్టి అప్పటికప్పుడు ఏర్పడే నిర్మాణాలు, లింకుల వల మీద గణన, కూర్పుల చరిత్ర, పలువురు కలిసి పనిచేయడం, వాడేవారు తమకు అనువుగా మలచుకోవడం. కట్టినవాడే తన లోపాల పట్టిక రాసిన ఆ పత్రం ఈ రంగానికి చాలా కాలం పాఠ్యప్రణాళికగా పనిచేసింది. ఆ ఏడింటిలో ఎక్కువ భాగం నిర్మాణం గురించిన ప్రశ్నలే.

తలా ఒక వ్యవస్థ కడుతుంటే ఒకరి మాట ఒకరికి అర్థం కాని పరిస్థితి వచ్చింది. 1988 నుంచి కొందరు పరిశోధకులు కూర్చుని ఉమ్మడి పదజాలం తయారుచేశారు. మొదట కలుసుకున్న సత్రం పేరు మీద అది డెక్స్‌టర్ నమూనా అయింది. వ్యవస్థను మూడు పొరలుగా చూడడం దాని సారం: తెర మీద నడిచే పొర, నోడ్లూ లింకులూ ఉండే నిల్వ పొర, ఒక్కో నోడు లోపలి సరుకు ఉండే పొర. పత్రంలో ఫలానా చోటు అని వేలు పెట్టి చూపించే 'యాంకర్', చివరి రెండు పొరలకూ వంతెన. అందులో కాలం లెక్క చాలలేదని, వీడియో నడుస్తుండగా ఏ క్షణాన ఏ వ్యాఖ్యానం రావాలో చెప్పే దారి కావాలని ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ముగ్గురు 1994లో మరో నమూనా ప్రకటించారు. ఆ ముగ్గురిలో ఒకరు పైథాన్ భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్.

లింకు పత్రంలో ఉండాలా, బయట ఉండాలా

చూడ్డానికి చిన్న ప్రశ్న. దాని జవాబు మీదే రంగం రెండు దారులైంది.

లింకు పత్రం లోపలే ఉంటే రాయడం సులువు. కానీ ఇతరుల పత్రంలో లింకు పెట్టలేం, తాళపత్రం బొమ్మలోనో వీడియోలోనో పెట్టడం కష్టం, ఒకే పత్రానికి పది రకాల పాఠకుల కోసం పది వలలు వేయలేం. అందుకని 'ఓపెన్ హైపర్‌మీడియా' వర్గం లింకులను బయటి నిల్వలో పెట్టి, ఏ ప్రోగ్రాముకైనా సేవగా అందించాలంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్ పరిశోధకులు తమ డివైజ్ హైపర్‌మీడియాకు రూపం ఇచ్చేటప్పుడు గ్రేట్ బెల్ట్ వారధి కడుతున్న ఇంజినీర్లతో కలిసి పనిచేశారు. ఉత్తరాలు, నక్షాలు, తనిఖీ నివేదికలు అన్నీ వేర్వేరు ప్రోగ్రాముల్లో ఉన్న చోట, ఒక్క పగులు గురించిన సమాచారం అంతా ఒక దారిన దొరకాలంటే లింకులు ఆ ప్రోగ్రాములన్నిటికీ బయట ఉండక తప్పదు.

ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో వెండీ హాల్ బృందం కట్టిన మైక్రోకాజమ్ ఈ వర్గంలో ప్రసిద్ధం. దానికి ప్రేరణ మన చరిత్రతో ముడిపడిన సరుకే. భారతదేశపు చివరి వైస్రాయి మౌంట్‌బాటెన్ కాగితాలు, ఫొటోలు, ప్రసంగాల ధ్వనిముద్రణలు ఆ విశ్వవిద్యాలయానికి చేరాయి. అంత పెద్ద సేకరణలో ఒక్కో కాగితానికీ చేత్తో లింకులు పెట్టడం అయ్యే పని కాదు. మైక్రోకాజమ్ 'జెనెరిక్ లింకు' అనే ఉపాయం తెచ్చింది. ఒక పేరుకో మాటకో ఒక్కసారి లింకు రాసి లింక్‌బేస్ అనే బయటి నిల్వలో పెడితే, ఆ మాట ఏ పత్రంలో ఎక్కడ కనిపించినా ఆ లింకు పనిచేస్తుంది. రేపు చేరబోయే కాగితానికి కూడా. అంటే సంబంధం ముందు, దాన్ని మోసే పత్రం తరవాత.

1997: శీర్షికలోనే సవాలు

1997 ఏప్రిల్‌లో అదే సౌతాంప్టన్‌లో హైపర్‌టెక్స్ట్ సమావేశం జరిగింది. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ న్యూర్న్‌బర్గ్, జాన్ లెగెట్, ఎరిక్ ష్నైడర్ అక్కడ చదివిన పత్రం పేరు 'యాజ్ వి షుడ్ హావ్ థాట్'. బుష్ చెప్పింది మనం ఆలోచించబోయే తీరైతే, వీళ్లది మనం ఆలోచించి ఉండాల్సిన తీరు. ఇన్నాళ్లూ డేటాను ప్రధానంగా పెట్టుకుని నిర్మాణాన్ని దానిపై అతికించామని, ఆ పీఠాలు తారుమారు కావాలని వాళ్లన్నారు. నోడు, లింకు, నొక్కితే గెంతడం అనే నావిగేషన్ అనేక నిర్మాణాల్లో ఒకటి మాత్రమేనని, హైపర్‌మీడియా ఇంకా పెద్దదైన స్ట్రక్చరల్ కంప్యూటింగ్‌లో ఒక ప్రత్యేక సందర్భమని వాదించారు.

దీనికి తగిన వ్యవస్థ మూడు అంతస్తుల ఇల్లులాంటిది. అడుగున సంబంధాలను దాచే నిల్వ ఉంటుంది. అవి దేని గురించో దానికి పట్టదు. మధ్యలో ఒక్కో రంగానికి ఒక్కో నిర్మాణ సర్వరు. పైన మనుషులు వాడే ప్రోగ్రాములు. కీలకం మధ్య అంతస్తే, ఎందుకంటే సంబంధం పేరు ఒకటైనా ప్రవర్తన ఒకటి కాదు. వర్గీకరణలో ఒక ప్రజాతిని వేరే కుటుంబంలోకి మారిస్తే దాని కింది జాతులన్నీ వెంట కదలాలి. వాదనలో ఒక ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటే దాన్ని సమర్థించిన వాదాలు చెరిగిపోకూడదు, చర్చ చరిత్రగా మిగలాలి. మామూలు లింకులో ఒక కొస మాయమైతే ఆ సంగతి పాఠకుడికి తెలియాలి. ఈ తేడాలను ప్రతి ప్రోగ్రామూ తన లోపల మళ్లీ మళ్లీ రాసుకునే బదులు వ్యవస్థే తెలుసుకుని ఉండాలన్నది వీరి కోరిక.

1999లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఈ పేరుతో మొదటి కార్యగోష్ఠి జరిగింది. తరవాతివి 2000లో శాన్ ఆంటోనియోలో, 2001లో ఆర్హుస్‌లో. టెక్సస్‌లో హాస్, డెన్మార్క్‌లోని ఎస్బియర్గ్‌లో కన్‌స్ట్రక్ట్, కొలరాడోలో కెనెత్ ఆండర్సన్ బృందం థెమిస్, గ్రీసులోని పత్రాస్‌లో కాలిమాకస్ అనే వ్యవస్థలు వచ్చాయి. ఈ చివరిదాని పేరు ప్రాచీన అలెగ్జాండ్రియా గ్రంథాలయ పుస్తకాలకు పట్టికలు కూర్చిన కవిది.

ఒక్కో రంగానికి ఒక్కో వరస

వర్గీకరణను దగ్గరగా చూడాలంటే మన చెరువుగట్ల మీది నల్లతుమ్మ చాలు. దాని శాస్త్రీయనామం చాలాకాలం అకేషియా నిలోటికా. అకేషియా ప్రజాతి నిజానికి ఒకే గుంపు కాదని తేలాక, ఆ పేరు ఆస్ట్రేలియా జాతులకు ఉండాలని 2005 వియన్నా వృక్షశాస్త్ర మహాసభ తీర్మానించింది. 2011లో మెల్‌బోర్న్ సభ దాన్నే నిలబెట్టింది. నల్లతుమ్మ వాచెలియా నిలోటికా అయింది. చెట్టు మారలేదు, ముల్లు మారలేదు, దాని వరస మారింది. పాత గ్రంథాల్లోని పేరుతో వెతికేవారికీ కొత్త పేరు వాడేవారికీ ఒకే నమూనా దొరకాలంటే రెండు వర్గీకరణలూ పక్కపక్కన బతకాలి, ఏది ఎవరు ఎప్పుడు చెప్పారో తెలియాలి. ఇలాంటి వృక్షశాస్త్ర అవసరాలే టాక్సనమిక్ హైపర్‌టెక్స్ట్‌కు పునాది.

వాదనల నిర్మాణం మరో రకం. హోర్స్ట్ రిట్టెల్ ఊహించిన ఐబిస్ పద్ధతిని ఆధారం చేసుకుని, 1980ల చివర టెక్సస్‌లోని ఎంసీసీ సంస్థలో జెఫ్ కాంక్లిన్, మైకేల్ బెజెమన్ జీఐబిస్ కట్టారు. సమస్య, దానికి ప్రతిపాదనలు, వాటికి అనుకూల ప్రతికూల వాదాలు అనే మూడు రకాల నోడ్లతో సాఫ్ట్‌వేర్ రూపకల్పన చర్చలను అది నమోదు చేసేది. నిర్ణయం ఒక్కటే రికార్డయ్యే చోట, ఆ నిర్ణయం ఎందుకు జరిగిందో కూడా నిలిచింది.

మూడోది అందరికీ అనుభవంలో ఉన్నది. బల్ల మీద కాగితాలు పరుచుకుని, సంబంధం ఉన్నవి దగ్గరగా, అనుమానం ఉన్నవి కాస్త పక్కకు జరిపి పెట్టుకుంటాం. కేథీ మార్షల్, ఆమె సహచరులు ఆక్వానెట్ అనే వ్యవస్థను వాడినవారిని గమనించినప్పుడు, సంబంధాలకు పేర్లు పెట్టే సదుపాయం ఉన్నా మనుషులు దాన్ని పక్కనపెట్టి, తెర మీద చోటుతోనే అర్థం చెప్పుకోవడం కనిపించింది. ఆ గమనింపు నుంచి 1990లలో వికీ, ఆ తరవాత విజువల్ నాలెడ్జ్ బిల్డర్ లాంటి స్పేషియల్ హైపర్‌టెక్స్ట్ వ్యవస్థలు పుట్టాయి. ఇక్కడి వికీకి వికీపీడియాతో సంబంధం లేదు. వరసలో పేర్చినవాటిని జాబితాగా, ఒకదానిపై ఒకటి పెట్టినవాటిని కుప్పగా యంత్రమే గుర్తుపడుతుంది. సంబంధానికి పేరు తట్టకముందే దాన్ని పట్టుకోగలగడం దీని బలం.

వెబ్ గెలుపు, దాని ఖరీదు

1989 మార్చిలో సెర్న్ పరిశోధనాశాలలో టిమ్ బెర్నర్స్-లీ రాసిన ప్రతిపాదన వరల్డ్ వైడ్ వెబ్ అయింది. 1991లో శాన్ ఆంటోనియో హైపర్‌టెక్స్ట్ సమావేశానికి పంపిన పత్రం తిరస్కరణకు గురైంది. ప్రదర్శనకు మాత్రం చోటు దొరికింది. నిపుణుల కంటికి అది వెనకడుగులా కనిపించింది. లింకు పత్రం లోపలే ఉంటుంది, ఒకవైపే నడుస్తుంది, రకం లేదు, అవతలి కొస చచ్చిపోతే ఇవతలివారికి తెలియదు. కానీ ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా ఎవరికైనా లింకు పెట్టవచ్చు. ఆ సులువే లోకాన్ని గెలిచింది.

ఖరీదు తరవాత తెలిసింది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు అందుబాటులో లేకుండా పోయాయని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో లెక్కగట్టింది.

సంబంధాన్ని బయటికి తీస్తే ఏం ఒరుగుతుందో తెలుగు వికీపీడియాలోనే చూడవచ్చు. 2013కు ముందు 'గోదావరి' వ్యాసం అడుగున, ఆ నది గురించి వ్యాసం ఉన్న మిగతా భాషల లింకులన్నీ రాసి ఉండేవి. ప్రతి భాష వ్యాసంలోనూ అదే జాబితా. యాభై భాషల్లో వ్యాసం ఉందనుకుంటే ఒక్కోదానిలో 49 లింకులు, మొత్తం 2,450. కొత్తగా మరో భాషలో వ్యాసం పుడితే యాభై చోట్ల దిద్దాలి. బాట్ ప్రోగ్రాములు ఎడతెగకుండా ఈ చాకిరీ చేసేవి. 2012 అక్టోబర్‌లో వికీడేటా మొదలయ్యాక, గోదావరి అనే అంశం ఒక చోట నిలిచి, ప్రతి భాషా వ్యాసం దానికి ఒక్క ముడి వేసుకుంది. 2,450 ముళ్లు యాభైకి దిగాయి. ఆ తరవాత అదే అంశానికి పొడవు, ఉపనదులు, పుట్టిన చోటు లాంటి సంబంధాలు చేరాయి. ఒక చోట దిద్దితే వాటిని వాడుకునే పేజీలన్నిటికీ అందుతుంది. ఓపెన్ హైపర్‌మీడియా వర్గం కోరుకున్నదీ ఇలాంటిదే.

పరిశోధనకు ఉన్న తావు

మొదటి తావు కూర్పుల చరిత్ర. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు ఉమ్మడి రాష్ట్ర చట్టాలు రెండు వైపులా కొనసాగాయి. 1982 ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టాన్ని తెలంగాణ తనకు అన్వయించుకున్నాక అది తెలంగాణ విద్యా చట్టం, 1982 అయింది. మూలపాఠం ఒకటి, అక్కణ్ణుంచి సవరణల దారులు రెండు. ఒక సెక్షను ఫలానా తేదీన ఫలానా రాష్ట్రంలో ఎలా ఉందో చెప్పాలంటే పాఠాల నకళ్లు దాచితే చాలదు. ఏ సవరణ ఏ వాక్యాన్ని తాకింది, ఏ తీర్పు ఏ కూర్పును చదివింది అన్న సంబంధాలకు కూడా చరిత్ర ఉండాలి. వస్తువుల కూర్పులను దాచడం సాఫ్ట్‌వేర్ రంగం బాగా నేర్చుకుంది. నిర్మాణపు కూర్పులను దాచడం హలాజ్ అడిగిన నాటి నుంచి ఇంకా తెరిచి ఉన్న ప్రశ్న.

రెండోది ఒకదానిపై ఒకటి పడే నిర్మాణాలు. తాళపత్ర ప్రతిలో పద్యం ఒక ఆకు చివర మొదలై మరుసటి ఆకు మీద ముగుస్తుంది. ఆకుల వరస ఒకటి, పద్యాల వరస మరొకటి, వ్యాఖ్యానం చేసిన విభజన ఇంకొకటి. ఇవాళ వాడుకలో ఉన్న ఎక్స్‌ఎంఎల్ గుర్తులు ఒకే చెట్టును ఒప్పుకుంటాయి. పద్యాన్ని చెట్టుగా తీసుకుంటే ఆకు విరుగుతుంది, ఆకును తీసుకుంటే పద్యం విరుగుతుంది. సి.పి. బ్రౌన్ పండితులను పెట్టుకుని అనేక ప్రతులు తెప్పించి పోల్చి చూపిన పాఠభేదాలను డిజిటల్ రూపంలో పెట్టాలంటే, పాఠాన్ని ముట్టుకోకుండా నిర్మాణాలన్నీ బయట నిలబడే పద్ధతి కావాలి. అది వచ్చిన చోట ఒక పరిష్కర్త ఎంపికను మరో పరిష్కర్త కాదనవచ్చు, ప్రతి మాత్రం పాడవదు.

మూడో తావు భాషా నమూనాల వల్ల కొత్తగా తెరుచుకుంది. పెద్ద భాషా నమూనాలకు పత్రాలను ముక్కలుగా కోసి అందిస్తే, వాక్యాలు దొరుకుతాయి గానీ మొత్తం సేకరణ గురించిన ప్రశ్నలకు జవాబు జారిపోతుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2024లో ప్రకటించిన గ్రాఫ్‌రాగ్ పద్ధతి ముందు పత్రాల నుంచి వ్యక్తులు, చోట్లు, సంబంధాల వలను అల్లి, దాన్ని గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకు సారాంశం రాసి, ఆ తరవాతే జవాబుకు దిగుతుంది. ఇక్కడ అడగాల్సిన గట్టి ప్రశ్న ఒకటుంది. యంత్రం తీసిన ప్రతి సంబంధం ఏ వాక్యం నుంచి వచ్చింది, ఎవరు సరిచూశారు అన్నది ఆ సంబంధానికే తగిలించి ఉందా? సంబంధాన్ని డేటాతో సమానమైన వస్తువుగా చూసే సంప్రదాయం దీనికి పాతికేళ్ల ముందే నమూనాలు గీసి పెట్టింది.

అడ్డంకులు

ఈ రంగం తన పరిమితులను తానే బాగా నమోదు చేసింది. దారితప్పడం, ప్రతి లింకు దగ్గరా నిర్ణయం తీసుకోవాల్సిన మానసిక భారం అనే రెండు ఇబ్బందులను కాంక్లిన్ 1987లోనే గుర్తించాడు. సంబంధాలకు ముందే రకాలు నిర్ణయించి ఫారాలు నింపమంటే మనుషులు ఆ పని ఎలా తప్పించుకుంటారో ఫ్రాంక్ షిప్‌మన్, మార్షల్ 1999లో సవివరంగా రాశారు. నిర్మాణం తొందరపడి అడిగితే ఆలోచన గడ్డకడుతుంది. అసలు అడగకపోతే యంత్రానికి చేసే పని ఉండదు. ఎప్పుడు ఎంత అడగాలన్నది ఈ రంగంలో మనుషుల వైపు నుంచి వచ్చే అసలు సమస్య.

సాంకేతిక ఆక్షేపణ కూడా ఉంది. సంబంధాలను దాచడానికి గ్రాఫ్ డేటాబేసులు వచ్చాయి కదా, వేరే శాఖ దేనికని. గ్రాఫ్ డేటాబేసు సంబంధాన్ని దాస్తుంది, వెతుకుతుంది. వర్గీకరణ ఎలా ప్రవర్తించాలి, వాదన ఎలా ప్రవర్తించాలి అన్నది మాత్రం మళ్లీ ప్రోగ్రామరు మీదే పడుతుంది. అంటే మూడు అంతస్తుల్లో అడుగుది సిద్ధమైంది, మధ్యది ఇంకా అరకొరగానే ఉంది.

2000ల మొదటి సంవత్సరాల తరవాత స్ట్రక్చరల్ కంప్యూటింగ్ పేరుతో జరిగే గోష్ఠులు పలచబడ్డాయి, ఆలోచనలు సెమాంటిక్ వెబ్, నాలెడ్జ్ గ్రాఫ్‌ల వైపు చెదిరాయి. జర్మనీలోని హోఫ్‌లో క్లాస్ అట్జెన్‌బెక్ బృందం మదర్ అనే వ్యవస్థలో, వేర్వేరు నిర్మాణాలు ఒకే నోడ్ల మీద కలిసి పనిచేసే పద్ధతిని ముందుకు తీసుకెళుతోంది. అట్జెన్‌బెక్, న్యూర్న్‌బర్గ్ కలిసి 2019లో హైపర్‌టెక్స్ట్‌ను ఒక వ్యవస్థగా కాక పరిశోధన పద్ధతిగా చూడాలని ప్రతిపాదించారు.

రోలు దగ్గర ఒక పరీక్ష

ఆ ప్రతిపాదనను పరీక్షించడానికి తెలుగువారి దగ్గర చక్కటి సరుకుంది. తెలుగు రోలు తమిళంలో ఉరల్. తెలుగు రెండు తమిళంలో ఇరండు, కన్నడలో ఎరడు. మాట మొదటి అచ్చు చోటు మారి హల్లు ముందుకొచ్చే ఈ మార్పు తెలుగుతో పాటు గోండీ, కువి, కొండ లాంటి భాషల్లోనూ కనిపిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఇలాంటి ఆధారాలతోనే తెలుగును ఆ భాషలతో కలిపి దక్షిణ-మధ్య ఉపశాఖలో కూర్చోబెట్టారు. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయం ద్వారా ఇంటర్నెట్‌లో ఉంది. అందులో ప్రతి పద్దుకూ సంఖ్య ఉంది. 2018లో ఒక అంతర్జాతీయ బృందం 20 ద్రావిడ భాషల పదజాలాన్ని గణాంక పద్ధతులతో పరిశీలించి, ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని అంచనా వేసింది.

మాటలు అవే, వాటిపై నిలిచిన వృక్షాలు వేరు. రోలు, ఉరల్ అనే రెండు నోడ్లు. వాటి మధ్య ధ్వనిమార్పు సూత్రం అనే లింకు. ఆ లింకుల గుంపు ఆధారంగా నిలబడిన ఉపశాఖ. దాన్ని ఒప్పుకునేవారి వాదం, కాదనేవారి వాదం. ఇదంతా ఇప్పటికి వ్యాసాల్లోని వాక్యాలుగా ఉంది. దాన్ని నిఘంటువు సంఖ్యలకు బయటి నుంచి ముడివేసి, ఎవరైనా ఒక జంట మాటలు సజాతీయాలు కావని తేల్చినప్పుడు దానిపై ఆధారపడిన ఏ సూత్రం బలహీనపడిందో, ఏ కొమ్మ కదిలిందో తెర మీద చూపించగల వ్యవస్థ ఒక విశ్వవిద్యాలయ విభాగం నాలుగైదేళ్లలో తలపెట్టదగ్గ పని. భాషాశాస్త్రం చదివినవారు, నిర్మాణ సర్వరు రాయగలవారు ఒకే గదిలో కూర్చోవడంతో అది మొదలవుతుంది.